ఫోర్డ్ వారి లింకన్ మార్క్ 4 కారును నగల సంస్థ కార్టియే, ఫ్యాషన్ సంస్థ జివాన్షీ డిజైన్ చేశాయా?

లేదు, కారు ఆకారం, ఇంజిన్ అన్నీ ఫోర్డ్ సంస్థవే; 1976లో ఆ డిజైనర్లు ఇచ్చింది రంగులు, లోపలి అలంకరణ, తమ సంతకం మాత్రమే. కొత్త మోడల్ తయారీకి కోట్లు కుమ్మరించాలి. రంగు, సీట్ల గుడ్డ, పైకప్పు మార్చి పేరున్నవారి సంతకం చేర్చితే ఖర్చు స్వల్పం, ధర మాత్రం ఘనం. గడుసు వ్యాపారమే!

అమెరికన్ ఫ్యాషన్ డిజైనర్ బిల్ బ్లాస్ సంతకంతో వచ్చిన ఎడిషన్ చూడండి. ముదురు నీలం కారుకు మీగడ రంగు పైకప్పు. వెనక సీటు పక్కన ఉండే చిన్న అండాకారపు కిటికీ అద్దం మీద ఆయన సంతకం చెక్కి ఉంటుంది. డాష్‌బోర్డు మీద 22 క్యారెట్ల బంగారు పూత రేకు, దానిమీద కొనుక్కున్నవారి పేరు. బానెట్ ఎత్తితే మాత్రం మామూలు మార్క్ 4లో ఉండే 7.5 లీటర్ల వీ8 ఇంజినే.

డాష్‌బోర్డులో కార్టియే గడియారం కనబడగానే అది కార్టియే ఎడిషన్ అనుకుంటారు చాలామంది. ఆ గడియారం మామూలు మార్క్ 4లోనూ ఉండేది. చూడాల్సింది గడియారాన్ని కాదు, ఆ చిన్న కిటికీ అద్దాన్ని.