ఊపిరి లెక్కపెట్టకుండా 20 అని రాయమంటే

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది. వార్డు డ్యూటీలో, తను చూడని పేషెంట్ల పల్స్, ఊపిరి అంకెలు చార్టులో నింపేయమని సీనియర్ సిస్టర్ చెబితే రాయనందట. అప్పటి నుంచి అక్కడ సూటిపోటి మాటలు, ఇంటికొచ్చి ఏడుపు. సర్దుకుపొమ్మని చెప్పాను. ఇంత సున్నితమైతే నర్సుగా నెగ్గుకురాగలదా? హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో చేర్పిస్తే నయమా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక తర్వాత చూద్దాం. 'మా పిల్ల తట్టుకోగలదా' అన్న ఈ భయం నాకు కొత్త కాదు కానీ, ఈసారి మీ మీద కొంచెం కోపం వచ్చిందమ్మా. సర్దుకుపోవడం అంటే ఇక్కడ ఏమిటో ఆలోచించారా? ఆ చార్టు మీద సంతకం సీనియర్‌ది కాదు, మీ అమ్మాయిది. రేపు ఏదైనా జరిగితే 'వాళ్లే రాయమన్నారు' అంటే వినేవాళ్లుండరు.

ఊపిరి నిమిషమంతా లెక్కపెట్టే తీరిక లేక వార్డంతా 18, 20 అని రాసేయడం చాలాచోట్ల ఉన్న అలవాటే. పెద్దవాళ్లకి 12 నుంచి 20 వరకు మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ పేషెంట్ పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందుగా మారేది ఆ అంకే. 28 ఉన్న మనిషికి 20 అని రాస్తే, రాత్రి డ్యూటీ డాక్టరు చార్టు చూసి బాగానే ఉన్నాడనుకుని పక్క మంచానికి వెళ్లిపోతాడు.

చేయాల్సింది తెలిసీ చుట్టూ ఉన్నవాళ్లు చేయనివ్వకపోతే కలిగే ఈ బాధకి 1984లోనే మోరల్ డిస్ట్రెస్ అని పేరు పెట్టారు, అంటే మీ అమ్మాయి ఒక్కతే పడుతున్నది కాదు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో తెచ్చి, 2021లో సవరించిన నియమావళి కూడా, తోటి ఉద్యోగి వల్ల పేషెంట్‌కి ప్రమాదం ఉన్నా సరే కాపాడే చర్య తీసుకోవాలనే అంటుంది.

అమ్మాయికీ ఒక మాట. వార్డు మధ్యలో వాదన వద్దు. "ఇప్పుడే చూసి, ఇప్పటి టైమే వేసి రాస్తాను సిస్టర్" అంటే చాలు. మళ్లీ అలాగే జరిగితే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌కి విడిగా, తేదీతో సహా చెప్పాలి. కోపంలో చార్టు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకూడదు, అప్పుడు పేషెంట్ వివరాలు బయటపెట్టిన తప్పు తనదవుతుంది.

ఇక మేనేజ్‌మెంట్. ఈ మధ్య అందరూ అదే అడుగుతున్నారు, నాకు మాత్రం దాని మీద అంత గురి లేదు. వార్డు అనుభవం లేకుండా నేరుగా వెళ్లి బిల్లింగ్ కౌంటర్ దగ్గరే ఆగిపోయినవాళ్లని చూశాను. పైగా ఒక్కో నర్సుకి ఎంతమంది పేషెంట్లో తేల్చే కాగితం తయారయ్యేది అక్కడే, ఆ సీనియర్ చూడకుండా రాయడానికి సగం కారణం బహుశా ఆ కాగితమే. నాలుగైదేళ్లు వార్డులో చేశాక వెళ్తే, దాన్ని నిలదీయగల మనిషిగా వెళ్తుంది.

ఫీజులు, జీతాల లెక్క తర్వాత అడగండి, చెబుతాను. ఈ రాత్రికి మాత్రం, సర్దుకుపొమ్మన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని అమ్మాయికి చెప్పండి.