తవుడు నూనె వాడితే కొలెస్టరాల్ మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. నాకు 52 ఏళ్లు. మొన్న టెస్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 168 వస్తే అటోర్వాస్టాటిన్ 10 మాత్ర రాశారు. కొట్లో ఆయనేమో తవుడు నూనెలో ఒరైజనాల్, స్టెరాల్స్ ఉంటాయి, అవే కొలెస్టరాల్‌ని దించేస్తాయన్నారు. మా ఆవిడ గానుగ వేరుశనగ నూనే మంచిదంటోంది. నూనె మార్చి మాత్ర మానేయనా?

జవాబు: మానొద్దండీ, ముందు ఆ మాట. కొట్లో ఆయన చెప్పింది అబద్ధమేం కాదు, లెక్క దగ్గరే తేడా వస్తోంది. మొక్కల్లో ఉండే స్టెరాల్స్ చూడ్డానికి కొలెస్టరాల్ లాగే ఉంటాయి, అందుకని పేగుల్లో దాని చోటు ఇవి ఆక్రమించేస్తాయి, జనరల్ బోగీలో ముందే ఎక్కి తువ్వాలు వేసినవాళ్లలాగా, దాంతో కొంత కొలెస్టరాల్ రక్తంలోకి వెళ్లకుండా బయటికి పోతుంది. రోజుకి 2 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ 8 నుంచి 10 శాతం తగ్గుతుంది.

ఇప్పుడు నూనె ప్యాకెట్ తిప్పి చూడండి. ఒరైజనాల్ కూడా ఎక్కువగా స్టెరాల్స్ జాతిదే. అది 10,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది వేలు) అని వేస్తే 1 శాతం. మనిషికి రోజుకి 25 గ్రాముల నూనె అనుకుంటే వచ్చేది పావు గ్రాము, మిగతా స్టెరాల్స్ కలిపినా అర గ్రాము చుట్టుపక్కలే. 2 గ్రాముల కోసం 100 గ్రాముల నూనె లోపలికి పంపితే 900 కేలరీలు, ఇక కొలెస్టరాల్ సంగతి దేవుడెరుగు. మీ మాత్ర పనిచేసేది కాలేయంలో, ఎల్‌డీఎల్‌ని మూడో వంతు దాకా తగ్గిస్తుంది. రెండిటికీ పోటీ లేదు, కలిసే వాడుకోవచ్చు.

గానుగ నూనె విషయంలో మీ ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు. రిఫైన్ చేసేటప్పుడు స్టెరాల్స్, విటమిన్ ఇ కొంత పోతాయి, గానుగలో మిగులుతాయి. కాకపోతే బూజు పట్టిన కాయలు ఆడిస్తే అఫ్లాటాక్సిన్ అనే విషం కూడా నూనెలోకి వస్తుంది, అది రిఫైనింగ్‌లోనే పోతుంది. కాబట్టి గింజలు మీ కళ్లతో చూసి ఆడించుకోండి. నువ్వుల నూనెలోనూ స్టెరాల్స్ బాగానే ఉంటాయి, పైగా సెసమిన్ లాంటి పదార్థాలు అదనం, పచ్చళ్లకి అది వాడుకోండి. ప్యాకెట్ మీద 'కొలెస్టరాల్ లేదు' అని వేస్తే మురిసిపోకండి, ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు.

చేపల పులుసు మానక్కర్లేదు, పైన తేలే నూనె తగ్గిస్తే చాలు. బజ్జీలు వేయించిన నూనె మళ్లీ కూరలకి వద్దు. రెండు నెలలు మాత్ర వాడి లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్టరాల్ రక్తపరీక్ష) చేయించి, మాత్ర రాసిన డాక్టరుకే చూపించండి. ఒళ్లు నొప్పులు గట్టిగా వస్తే అప్పటిదాకా ఆగకుండా వెళ్లండి.