కూతకు ముందే తేలాల్సిన మాట

ఆటల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున ఊరు. తెలుగు, ఒడియా, సవర ఇళ్ళు కలిసే ఉంటాయి. ఏటా సంక్రాంతికి ఆడవాళ్ళ కబడ్డీ పెడతాం. కొత్తూరు, పాతపట్నం వైపు నుంచి కూడా జట్లు వస్తాయి, వాటిలో పదహారు పదిహేడేళ్ళ పిల్లలే ఎక్కువ. మా ఊళ్ళో ఒక ట్రాన్స్ మహిళ ఉంది, ఇరవై నాలుగేళ్ళు, పిల్లలందరూ నానీ అంటారు, ఒడియాలో అక్క అని. మాతోపాటే ముగ్గులు వేస్తుంది, గొబ్బెమ్మలు పెడుతుంది. ఈసారి ఆడతానంటే మేం సరే అన్నాం. ప్రాక్టీసులో తను మా చెల్లెల్ని పట్టుకుంటే భుజం జారింది. కావాలని చేసింది కాదు, మా చెల్లెలికంటే తనే ఎక్కువ ఏడ్చింది. ఇప్పుడు ఊరు రెండుగా చీలింది. తనకి ఆపరేషన్ అయింది, కలెక్టరాఫీసు ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ కార్డు ఉంది, బరువు 68 కిలోలే. వద్దనడం పాపం కాదా? ఆడించడం తప్పా?
– ఒక జట్టు కెప్టెన్

జవాబు: ముందు మీ చెల్లెలి భుజం సంగతి. చిన్న వయసులో ఒకసారి భుజం జారితే మళ్ళీ మళ్ళీ జారే ప్రమాదం ఎక్కువ. నాటు కట్టుతో సరిపెట్టకండి, ఎముకల డాక్టరు సరేననేదాకా ఆ అమ్మాయిని గీత దాటనివ్వకండి, సంక్రాంతి మళ్ళీ వస్తుంది.

ఇక అసలు సంగతి, దాచకుండా చెప్తాను. మగ శరీరంతో యుక్తవయసు దాటినవాళ్ళు ఆడవాళ్ళ కబడ్డీ పోటీలో దిగకూడదు అనే నేను అనుకుంటాను. మీ నానీ మీద నాకు ఏ కోపమూ లేదు, ఆమె ఆడమనిషి అవునా కాదా అన్న చర్చ మీ ఊళ్ళో ఎవరైనా లేవదీస్తే అక్కడే ఆపేయండి, అది 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చేసిన విషయం, ఎవరి జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు వాళ్ళదే అంది. కానీ ఆ కార్డు చెప్పేది ఆమె ఎవరో, ఆమె ఎముకల గురించి కాదు. మన ఆటలోనే చూడండి, సీనియర్ ఆడవాళ్ళకు 75 కిలోలు హద్దు. 77 కిలోలున్న అమ్మాయిని తూకం దగ్గరే ఆపేస్తాం. ఆమె ఆడది కాదని ఎవరూ అనరు, ఆమె అవమానం అనుకోదు. మన కబడ్డీ కోర్టు కూడా మగవాళ్ళది 13 మీటర్లు 10 మీటర్లు అయితే ఆడవాళ్ళది 12, 8. ఇవన్నీ శరీరాలు చూసి గీసుకున్న గీతలే, ఇదీ అలాంటి గీతే.

బరువు 68 కిలోలే కదా అన్నారు. బరువొక్కటే సరిపోతే కుస్తీలో, బాక్సింగులో ఇన్ని బరువు తరగతులు ఉన్నా ఆడా మగా విడిగా ఎందుకు పెడతారు? పన్నెండు పదమూడేళ్ళ దగ్గర మొదలై టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ భుజాలు వెడల్పు చేస్తుంది, ఎముక లావు చేస్తుంది, చేతి పట్టు పెంచుతుంది. పరుగులోనే చూడండి, వంద మీటర్లలో మగవాళ్ళ రికార్డు 9.58 సెకన్లు, ఆడవాళ్ళది 10.49, అది 1988 నుంచి ఎవరూ దాటలేదు. పరుగులో ఉన్నది సుమారు పది శాతం తేడా, పట్టుకునే ఆటలో, పై శరీరం బలంలో అంతకంటే చాలా ఎక్కువ. మందులతో టెస్టోస్టెరాన్ తగ్గించుకుంటే ఏమవుతుందని కూడా పరిశోధనలు జరిగాయి. రక్తంలో హిమోగ్లోబిన్ నాలుగు నెలల్లోపే ఆడవాళ్ళ స్థాయికి వచ్చేస్తుంది, కండబలం మాత్రం ఏడాది గడిచినా ఐదు శాతం అటూ ఇటుగానే తగ్గుతుంది, పొడుగూ ఎముకల వెడల్పూ అసలు తగ్గవు. ఇవి ఎక్కువగా క్రీడాకారులు కాని వాళ్ళ మీద చేసినవే, అది ఒప్పుకోవాలి. అయినా రోజూ కసరత్తు చేసేవాళ్ళలో బలం ఇంకా నిలుస్తుంది కానీ ఇంకా తగ్గుతుందని నేననుకోను. అందుకే ఒళ్ళు తగిలే ఆటల్లో మొదట ప్రపంచ రగ్బీ సంఘం 2020లో ఈ గీత గీసింది, వాళ్ళు ముందు పెట్టిన కారణం పతకాలు కాదు, మెడలు విరగకూడదని. తర్వాత 2022లో ఈత, 2023లో అథ్లెటిక్స్, అదే ఏడాది అంతర్జాతీయ క్రికెట్ అదే దారి పట్టాయి.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను ఆడే రోజుల్లో ఒకసారి రైడ్‌కి వెళ్ళి బోనస్ గీత మీద కాలు పెట్టాను, మూల కాసే కార్నర్ పిల్ల నా మడమ దొరకబుచ్చుకుంది, నేను మెలి తిరిగేలోపు పక్కన కవర్‌లో ఉన్న ఇంకో అమ్మాయి వచ్చి డాష్ కొట్టింది, అంటే ఒంటితో గుద్ది తోసేసింది. మోకాలి లోపల టక్‌మని ఒక చప్పుడు, అంతే, కూత ఆగిపోయింది. ఇన్నేళ్ళయినా మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగుతాను. నన్ను కొట్టిన పిల్ల నాకంటే మూడు కిలోలు తక్కువ. సమానంగా ఉన్నవాళ్ళ మధ్యే ఇలా జరిగే ఆటలో, పక్క ఊరి నుంచి పదహారేళ్ళ కూతుర్ని నమ్మి పంపిన తల్లికి మీరు ఏం మాట ఇవ్వగలరో అది ఆలోచించండి. ఆ అమ్మాయి రైడ్‌కి వెళ్ళేటప్పుడు ఎవరు పట్టుకుంటారో ఆమెకు ముందే తెలియాలి కదా.

అలాగని మీ నానీని అంపైర్ విజిల్ చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టడం కూడా న్యాయం కాదు. ఆమె ఆడతానంది, పాయింట్లు రాస్తానని అనలేదు. మీది ఊరి పండుగ పోటీ, రూల్సు మీవే. కనుమ రోజు ఆడా మగా కలిసి ఒక పోటీ పెట్టండి, బరువు హద్దు పెట్టండి, పద్దెనిమిది దాటినవాళ్ళే ఆడాలనండి, డాష్ వద్దనండి, అందులో ఆమె కెప్టెన్‌గా దిగనివ్వండి. ఆడవాళ్ళ పోటీకి రూలేమిటో కాగితం మీద రాసి అన్ని జట్లకూ పోటీకి నెల ముందే పంపండి. ఆట మధ్యలో ఎవడో లేచి అరిచే పరిస్థితి రాకూడదు. ఇంకొకటి, ఈ సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మీరూ మీ చెల్లెలూ కలిసి ఆమె ఇంటికి వెళ్ళండి, కట్టు కట్టిన భుజంతోనే వెళ్ళమనండి, నీ మీద కోపం లేదని ఆ పిల్ల నోటితోనే చెప్పించండి. ఆపరేషన్ గురించి ఒక్క ప్రశ్న కూడా వద్దు, అది ఆమె సొంత విషయం, దానికీ కబడ్డీకీ సంబంధం లేదు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటుంది, గొంతు కొంచెం బండగా ఉంటుంది. మొన్న ఒక టోర్నమెంట్‌లో ఓడిపోయిన జట్టువాళ్ళు "అది అబ్బాయి, చెక్ చేయండి" అని గొడవ చేశారు. పిల్ల అప్పటినుంచి షూ ముట్టుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక తండ్రి

జవాబు: అన్నయ్యా, మీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. పొట్టి జుట్టూ పొడుగూ చూసి పిల్లని చెక్ చేయమనే హక్కు ఏ జట్టుకీ, ఏ మాస్టారికీ లేదు. స్కూలు రికార్డూ పుట్టిన తేదీ సర్టిఫికెట్టూ అడగొచ్చు, అంతవరకే. ఎవరైనా పిల్లని గదిలోకి రమ్మంటే పోలీసు స్టేషన్‌కి వెళ్ళండి, మొహమాటపడకండి.

ఈ దెబ్బ మన దేశం ముందే తింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో వెండి తెచ్చిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ పతకం లాక్కున్నారు, ఆమె శరీరం గురించి టీవీల్లో చెప్పుకున్నారు. మన ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా నేతపనివారి బిడ్డ ద్యుతీ చంద్‌ని 2014లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఒంట్లో సహజంగా ఉన్న టెస్టోస్టెరాన్ ఎక్కువని కామన్వెల్త్ జట్టు నుంచి తీసేశారు. ఆమె ఊరుకోలేదు, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది, 2015లో ఆ రూలునే నిలిపివేయించింది, 2018లో జకార్తాలో రెండు వెండి పతకాలు తెచ్చింది. వీళ్ళిద్దరూ ట్రాన్స్‌జెండర్లు కారు, పుట్టుకతో ఆడపిల్లలుగా పెరిగినవాళ్ళే, మనవాళ్ళు ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు. 2025 సెప్టెంబర్ నుంచి ప్రపంచ అథ్లెటిక్స్‌లో ఆడవాళ్ళకు ఒక జన్యు పరీక్ష పెట్టారు, బుగ్గ లోపల దూది పుల్లతో తుడిచి తీసుకుంటారు, జీవితంలో ఒక్కసారే. అది ప్రపంచ స్థాయి పోటీలకు, స్కూలు గ్రౌండుకు కాదు.

అమ్మాయిని బలవంతపెట్టకండి. సాయంత్రం మీరే షూ వేసుకుని గ్రౌండుకు వెళ్ళండి, రమ్మని పిలవకండి, రెండు మూడు రోజులు ఒక్కరే వెళ్ళి రండి. ద్యుతీ సంగతి మాత్రం చెప్పండి.

ప్రశ్న: రాయగడలో డిగ్రీ చదువుతున్నాను. నా స్నేహితురాలు ఒక ట్రాన్స్ మహిళ. ట్రాన్స్ మహిళలకు ముందే ఆధిక్యత ఉందని అనుకోకూడదని ఒలింపిక్ కమిటీ 2021లో చెప్పింది కదా, మరి ఆడవాళ్ళ కబడ్డీలో వాళ్ళు వద్దని మీరు చెప్పేది వివక్ష కాదా?

జవాబు: చెప్పింది, నిజమే. ఏ ఆట రూలు ఆ ఆట సంఘమే రాసుకోమని కూడా ఆ కాగితంలోనే ఉంది. అందుకే నేను ఆట ఆట విడిగా చూడమంటాను. ఒళ్ళూ ఒళ్ళూ గుద్దుకునే చోట నా జవాబు పైన రాశాను, నీకు నచ్చకపోవచ్చు, నీ వాదన రాసి పంపు, చదువుతాను. 2023లో అంతర్జాతీయ చదరంగం సంఘం కూడా ట్రాన్స్ మహిళల్ని ఆడవాళ్ళ పోటీల నుంచి ఆపింది, అది మాత్రం నాకు ఏ కోశానా మింగుడు పడలేదు. చదరంగం బల్ల మీద ఎవరి భుజం జారుతుంది? మీ కాలేజీలో ఈసారి చెస్సూ క్యారమ్సూ పెడితే మీ స్నేహితురాలి పేరు ఆడపిల్లల లిస్టులోనే రాయించు, ఎవరైనా కొట్టేస్తే నాకు ఉత్తరం రాయి.