పాము విషం సంగతి తర్వాత, ముందు వెన్నుపాము చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకి పాకిందన్నారు. నడుం నొప్పి భరించలేకపోతున్నారు, రాత్రిళ్లు పడుకుంటే ఇంకా ఎక్కువ. మార్ఫిన్ రాశారు కానీ అలవాటైపోతుందని భయపడి మరీ తట్టుకోలేనప్పుడే ఇస్తున్నాం. పాము విషంతో నొప్పికి మందు కనిపెట్టారని చదివి ఆన్‌లైన్‌లో చుక్కల మందు తెప్పించాను, నాలుక కింద వెయ్యాలంట. ఈమధ్య ఆయన "నన్ను పంపించెయ్యండ్రా" అంటున్నారు. కొన్ని దేశాల్లో డాక్టర్ సాయంతో చనిపోవచ్చంట, సర్వేల్లో చాలామంది దానికి సరే అంటున్నారంట. ఆయన కోరేది న్యాయమేనా? చుక్కలు మొదలుపెట్టచ్చా? నాలుగు రోజులుగా నడిచేటప్పుడు కాళ్లు కూడా తూలుతున్నాయి, నీరసం అనుకుంటున్నాం.

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకీ తర్వాత వస్తాను. ఆఖర్లో నీరసం అని ఒక్క ముక్కలో తేల్చేసిన విషయమే నన్ను కంగారు పెడుతోంది. మీరు పాము గురించి అడిగారు, నా భయమంతా వెన్నుపాము గురించి. ఎముకలకి పాకిన క్యాన్సర్, పడుకుంటే పెరిగే నడుం నొప్పి, దానికి తోడు కాళ్లు తూలడం, ఈ మూడూ కలిస్తే వెన్నుపూసలో పెరిగిన గడ్డ వెన్నుపాముని నొక్కుతోందేమో అని మేం ముందు అనుకుంటాం. ఆయన్ని చూడకుండా అదే అని నేను చెప్పలేను, నిజంగా నీరసమే అయ్యుండచ్చు, రక్తం తగ్గిందేమో కూడా, కానీ కాదని తేలేవరకు అదే అనుకుని పరిగెత్తాలి. అందుకే ఇది చదవగానే ఆయన్ని ఎమర్జెన్సీకి తీస్కెళ్లండి, వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉంది కదా అని ఆగకండి. మామూలుగా 24 గంటల్లోపు వెన్నుపూస మొత్తానికీ ఎమ్మారై తీస్తారు. అదే అయితే వాపు తగ్గడానికి స్టెరాయిడ్, ఆ తర్వాత రేడియేషన్ గానీ కొందరికి ఆపరేషన్ గానీ. మూత్రం ఆగిపోతోందా, మలం తెలీకుండా పోతోందా, తొడల మధ్య తిమ్మిరిగా ఉందా అని దారిలోనే అడగండి. నడుం మర్దనా మాత్రం వద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఇందులో ఆలస్యం చేస్తే పోయింది తిరిగి రాకపోవచ్చు. వైద్యం మొదలయ్యేటప్పటికి నడుస్తున్నవాళ్లు చాలామంది తర్వాత కూడా నడుస్తారు, కాళ్లు పూర్తిగా పడిపోయాక వచ్చినవాళ్లు మళ్లీ లేచి నడవడం అరుదు. రెండింటికీ మధ్య తేడా ఒక్కోసారి రెండు మూడు రోజులే. అలా ఆలస్యంగా తెచ్చిన పేషెంట్లని చూశాను, వాళ్ల పిల్లలు కూడా మీలాగే బాగా చూసుకునేవాళ్లే, నీరసం అనుకున్నారు అంతే. నాలుగు రోజులు ఇప్పటికే పోయాయి, దయచేసి ఐదోది పోనివ్వకండి.

ఇక మార్ఫిన్. ఇది కూడా ఆలస్యమే, ఇంకో రూపంలో. మామూలు మార్ఫిన్ బిళ్ల పనిచేసేది సుమారు నాలుగు గంటలు, అందుకే టైం ప్రకారం ఇవ్వమంటాం, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ క్యాన్సర్ నొప్పికి చెప్పే పద్ధతి అదే. నొప్పి నెత్తికెక్కాక ఇస్తే అది దిగడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు మనిషి నలిగిపోతాడు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పినట్టు వాడుతుంటే మీరు భయపడే వ్యసనం రావడం అరుదు. ఒళ్లు మందుకి అలవాటు పడటం వేరు, దాన్ని మేం చూసుకోగలం. మలబద్ధకం మాత్రం చాలామందికి వస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే కావాలి. డోసు మీ అంతట మీరు పెంచకండి, ఉన్నట్టుండి మానెయ్యకండి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి మీ డాక్టరే మార్చాలి. ఎముక నొప్పికి ఒక్క సిట్టింగ్ రేడియేషన్‌తో కూడా చాలామందికి ఉపశమనం వస్తుంది, అదీ అడగండి.

చుక్కలు వెయ్యకండి. మీరు చదివింది అబద్ధమని అనట్లేదు. 1960ల్లో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా జరరాకా అనే పాము విషం మీద చేసిన పని నుంచే బీపీ మందు క్యాప్టోప్రిల్ పుట్టింది, 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ ఆ బిళ్లలో విషం లేదు. విషంలోని పదార్థం ఎలా పనిచేస్తుందో చూసి అలాగే పనిచేసే చిన్న అణువుని ల్యాబ్‌లో తయారుచేశారు, ఎందుకంటే విషంలో ఉండేవి ఎక్కువగా ప్రోటీన్లు, పెప్టైడ్‌లు (అంటే చిన్న ప్రోటీన్ ముక్కలు), మింగితే కడుపులోనే అరిగిపోతాయి. నొప్పి సంగతికొస్తే, బ్లాక్ మాంబా అనే పాము విషంలోని మాంబాల్జిన్‌లు అనే పెప్టైడ్‌లు మార్ఫిన్ స్థాయిలో నొప్పి తగ్గించాయని 2012లో ఫ్రెంచి పరిశోధకులు చూపించారు, అయితే ఎలుకల్లో. ఎలుక నుంచి మీ నాన్నగారి దాకా చాలా దూరం ఉంది. మీరు తెప్పించిన సీసాలో నిజంగా ఏముందో ఎవరికీ తెలీదు, స్టెరాయిడో పెయిన్ కిల్లరో కలిపేసినవి కూడా ఉంటాయి, క్యాన్సర్ మందుల వల్ల నోట్లో పుళ్లుంటే నాలుక కింద వేసింది నేరుగా రక్తంలోకి పోవచ్చు, అలెర్జీ వస్తే ప్రాణం మీదకొస్తుంది. ఇప్పటికే వేసుంటే దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు.

"పంపించెయ్యండ్రా" అన్న మాట గురించి. నెదర్లాండ్స్, బెల్జియంలలో 2002 నుంచి, కెనడాలో 2016 నుంచి డాక్టర్ సాయంతో మరణానికి చట్టం ఉంది, అమెరికాలోని ఒరెగాన్‌లో 1997 నుంచే ఉంది. అది తప్పా ఒప్పా అని ఈ కాలమ్‌లో తీర్పు చెప్పను. కానీ సర్వేలో సరే అనేది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, మంచం మీద ఉన్న మనిషి మనసు అలా ఒకేచోట నిలబడదు. కెనడాలో చోచినోవ్ అనే సైకియాట్రిస్ట్ బృందం 1995లో చివరి దశలో ఉన్న 200 మందిని అడిగితే, చనిపోవాలని అప్పుడప్పుడూ అనిపిస్తుందన్నవాళ్లు 44.5 శాతం, గట్టిగా, ఎప్పుడూ అదే కోరుకున్నవాళ్లు 8.5 శాతమే. ఆ కొద్దిమందిలో సగం కంటే ఎక్కువమందికి డిప్రెషన్ ఉంది, మిగతావాళ్లలో అది ఎనిమిది శాతం లోపే. బతకాలన్న కోరిక గంటల తేడాలో పెరిగి తగ్గుతుందని 1999లో అదే బృందం చూపించింది. ఒరెగాన్‌లో కూడా జనం ఎక్కువగా చెప్పే కారణం నొప్పి కాదు, నా పని నేను చేసుకోలేకపోతున్నాను అన్న బాధ. కాళ్లు తూలుతున్న మనిషికి ఆ బాధ ఎంత ఉంటుందో ఊహించండి.

అందుకని ఆయన అడిగేది న్యాయమేనా అని నన్ను అడిగే ముందు ఆయన్నే అడగండి, నొప్పి వల్లా, భారం అవుతున్నాననా, భయమా. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగానే అడగచ్చు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. నేనే ఏదో చేసుకుంటా అన్నట్టు మాట్లాడితే ఒంటరిగా వదలకండి, మందులన్నీ మీ దగ్గర తాళం వేసి పెట్టండి, సైకియాట్రిస్ట్‌ని అదే రోజు కలవండి. నొప్పికీ మనసుకీ కలిపి చూసే పాలియేటివ్ కేర్ డాక్టర్‌ని కూడా ఇప్పుడే అడగండి, అది ఆఖరి రోజుల కోసమే అనుకుని వాయిదా వేస్తుంటారు చాలామంది.

ఇవన్నీ ఎమ్మారై తర్వాత. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మందులన్నీ, ఆ చుక్కల సీసాతో సహా పట్టుకెళ్లండి. లోపలికి వెళ్లగానే నొప్పి దగ్గర మొదలుపెట్టకండి, ఎముకలకి పాకిన క్యాన్సర్, నాలుగు రోజులుగా కాళ్లు తూలుతున్నాయి అని ముందు ఆ ముక్క చెప్పండి.