దాణాలో బూజు విషం: నష్టపరిహారం దక్కుతుందా?

ప్రశ్న: నాది చిన్న గుడ్ల కోళ్ల ఫారం. డీలర్ ఇచ్చిన కొత్త బ్యాచ్ దాణా మొదలుపెట్టాక గుడ్లు తగ్గాయి, కోళ్లు చనిపోతున్నాయి. లివర్ పసుపు తిరిగి ఉబ్బిందని, ఆఫ్లాటాక్సిన్ (దాణాకు పట్టే బూజు వదిలే విషం) కావచ్చని పశువైద్యుడు అన్నారు. నా షెడ్డులో తేమకే బూజు పట్టిందని డీలర్ అంటున్నాడు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే డీలర్ ఇప్పుడంటున్న మాటే రేపు వాళ్ల ప్రధాన వాదన. దానికి గట్టి జవాబు కుట్టు విప్పని సంచులే. అదే బ్యాచ్‌వి మిగిలుంటే, మార్చి ఇస్తామని బండి పంపినా అన్నీ ఇచ్చేయకండి. నేల తగలకుండా పొడిచోట పెట్టి, ట్యాగు మీది బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనబడేలా ఫొటోలు తీయండి.

చాలా కేసులు శాంపిల్ దగ్గరే దెబ్బతింటాయి. ఈ విషం సంచి అంతటా సమానంగా ఉండదు. గుప్పెడు దాణా పంపితే 'లేదు' అని రావచ్చు, ఆ రిపోర్టు మీకే ఎదురు తిరుగుతుంది. కొన్ని సంచులు ముట్టకుండా ఉంచి, మిగతావాటిలో పైన, మధ్య, అడుగున తీసి బాగా కలపండి. మూడు భాగాలు చేసి సీలు వేయండి: ఒకటి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌కు, ఒకటి డీలర్‌కు, ఒకటి మీకు. శాంపిల్ తీసే తేదీ డీలర్‌కు ముందే రాతలో తెలపండి. రాకపోతే పశువైద్యుడు, ఇద్దరు సాక్షుల సంతకాలతో పంచనామా రాయించండి. కంటికి బూజు కనబడలేదని పరీక్ష మానొద్దు. బూజు చచ్చినా విషం మిగిలే ఉంటుంది.

కోళ్ల దాణాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1374 ప్రకారం ఆఫ్లాటాక్సిన్ బి1 (ఈ విషంలో ఒక రకం) 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 20), తేమ 11 శాతం దాటకూడదు. తేమ కూడా కొలిపించండి. విప్పని సంచిలోనే ఎక్కువుంటే షెడ్డు వాదన బలహీనపడుతుంది. పోస్టుమార్టం రిపోర్టు, రోజువారీ గుడ్ల రిజిస్టరు, బిల్లులు జతచేయండి. బిల్లు లేకుండా కొన్నవారికి దారి కష్టమే.

వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని అభ్యంతరం వస్తుంది. స్వయం ఉపాధితో జీవనోపాధికే కొన్న సరుకుకు వినియోగదారుల రక్షణ చట్టం 2019లో మినహాయింపు ఉంది. కుటుంబమే ఫారం నడుపుతోందని ఫిర్యాదులోనే రాయండి. జీతగాళ్లతో నడిచే పెద్ద ఫారానికి ఇది నిలవకపోవచ్చు. వారికి 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కింద సివిల్ దావా మేలు, గడువు సాధారణంగా 3 ఏళ్లు.

వినియోగదారుల కమిషన్‌లో గడువు 2 ఏళ్లు. దాణాకు చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. డీలర్‌తో పాటు తయారీదారునూ ప్రతివాదిగా చేర్చండి. చనిపోయిన కోళ్ల విలువను, గుడ్ల నష్టాన్ని వేర్వేరుగా లెక్కకట్టండి, ఎందుకంటే ఉత్పత్తి బాధ్యత (లోపమున్న సరుకు చేసిన హానికి తయారీదారు, అమ్మినవారి బాధ్యత) నిబంధనల్లో గుడ్ల నష్టం లాంటి కేవలం ఆర్థిక నష్టానికి పరిహారం రాదు. దాన్ని నిర్లక్ష్యం కింద విడిగా అడగాలి.