నడిస్తే నొప్పి లేదు, మరి ట్రయథ్లాన్‌లో పరిగెత్తవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. రావులపాలెంలో బ్యాంకు ఉద్యోగం. ఇంకో ఏడు వారాల్లో వేరే రాష్ట్రంలో జరిగే ట్రయథ్లాన్‌కు డబ్బు కట్టాను. 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. ఆగస్టులో పరుగు ప్రాక్టీసు పెంచుతుంటే కుడికాలికి మోకాలి కింద నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, ఎమ్మారైలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని చీలిక) అని తేలింది. ఆరు వారాలుగా పరుగు మానేశాను. కాలువలో ఈత, సైకిల్ మాత్రం ఆపలేదు. రెండింటిలోనూ ఇదివరకటికంటే మెరుగయ్యాను. ఇప్పుడు నడిస్తే నొప్పి లేదు. ఆ కాలి మీద గెంతితే కొంచెం తెలుస్తోంది, అంతే. బరువు తగ్గితే పరుగు తేలికవుతుందని రాత్రి అన్నం మానేసి నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. పోటీ రోజు నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తేయవచ్చా?

జవాబు: వద్దండీ. పోటీలో 10 కిలోమీటర్ల సంగతి తర్వాత, ఇవాళ ఒక్క కిలోమీటరు కూడా పరిగెత్తకూడదు. ఈత, సైకిల్ చేసుకోవచ్చు.

‘గెంతితే కొంచెం తెలుస్తోంది, అంతే’ అని తేలిగ్గా రాశారు. నేను పట్టించుకునేది దాన్నే. ఒంటికాలి మీద గెంతించి చూడడం, నొప్పి ఉన్నచోట ఎముకను వేలితో నొక్కి చూడడం మేం గదిలో చేసే పరీక్షలే. నడకలో నొప్పి లేదంటే ఎముక నడకకు సరిపడా కోలుకుందని మాత్రమే అర్థం. పరుగులో ఒక్కో అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. 10 కిలోమీటర్లంటే సుమారు పదివేల అడుగులు. అందులో సగం కుడికాలివే.

స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే కింద పడితే విరిగేది కాదు. ఒకే చోట పదే పదే భారం పడుతుంటే ఎముక తనను తాను బాగుచేసుకోవడం మొదలుపెడుతుంది. దెబ్బతిన్న భాగాన్ని ముందు తొలగిస్తుంది, ఆ తర్వాత కొత్త ఎముకను నింపుతుంది. తొలగించే పని కొన్ని వారాల్లో అయిపోతుంది. నింపి, గట్టిపడడానికి నెలలు పడుతుంది. కాలువ గట్టుకు గండి పడితే పూడ్చిన మర్నాడే పూర్తి నీరు వదలరు కదా, ఇదీ అంతే. పైకి పూడినట్టే ఉంటుంది, లోపల మట్టి ఇంకా సర్దుకోలేదు.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఈతలో మీ బరువును నీరు మోస్తుంది, సైకిల్ మీద సీటు మోస్తుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు బాగా తయారయ్యాయి. ఎముకకు మాత్రం ఆ తయారీ అందలేదు. ఆరు వారాలు మంచం మీద ఉన్నవాడైతే అర కిలోమీటరుకే ఆయాసపడి ఆగిపోతాడు, ఆ ఆయాసమే అతన్ని కాపాడుతుంది. మీరు ఆగరు. ఐదు కిలోమీటర్లు సునాయాసంగా పోతుంటే కాలి సంగతి గుర్తే ఉండదు. పైగా ట్రయథ్లాన్‌లో పరుగు ఆఖరున వస్తుంది. 40 కిలోమీటర్లు తొక్కి దిగాక కాళ్ళు బరువెక్కుతాయి, అడుగు తీరు మారుతుంది. అలసిన పిక్క కండరాలు అదురును సరిగ్గా ఆపలేవు. ఆ అదురంతా ఎముకకే చేరుతుంది.

నొప్పి మాత్ర మాటే వద్దు. డైక్లోఫెనాక్ లాంటివి చీటీ లేకుండా మందుల షాపులో దొరుకుతున్నాయి గనక చాలామంది వాటిని చాక్లెట్లలా చూస్తున్నారు. నొప్పి తెలియకుండా పరిగెత్తితే సన్నని చీలిక ఉన్న ఎముక పూర్తిగా విరిగిపోయే ప్రమాదం ఉంది. గంటల తరబడి చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవే మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.

ఎమ్మారై రిపోర్టులో చీలిక ఎముకకు ఏ వైపున ఉందో చూడండి. మోకాలి కింది పెద్ద ఎముకకు లోపలి, వెనక వైపున ఉంటే మామూలుగా మానుతుంది. ముందు వైపు, నడిమి భాగంలో ఉంటే లెక్క వేరు. అక్కడ మానడం బాగా ఆలస్యమవుతుంది, కొందరికి లోపల రాడ్ వేయాల్సి వస్తుంది. అలాంటప్పుడు కింద చెప్పేవేవీ సొంతంగా మొదలుపెట్టవద్దు, ఎముకల డాక్టరుకు చూపించాకే.

అసలు మీకిది ఎందుకు వచ్చిందో మీ ఉత్తరమే చెబుతోంది. పరుగు పెంచారు, తిండి తగ్గించారు. ఈ రెండూ ఒకేసారి చేయకూడదు. కష్టానికి తగ్గ తిండి అందకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది. హార్మోన్లు తగ్గుతాయి, ఎముక మరమ్మతు వెనకబడుతుంది. ఆడవాళ్ళకైతే నెలసరి ఆగిపోవడంతో అనుమానం వస్తుంది. మగవాళ్ళకు అలాంటి గంట మోగదు. నిద్ర సరిగ్గా లేకపోవడం, చిరాకు, లైంగిక కోరిక తగ్గడం లాంటివి ఉన్నా ఆఫీసు టెన్షన్ అని సరిపెట్టుకుంటారు. మీకు ఇవి ఉంటే డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కాబట్టి రాత్రి అన్నం తిరిగి మొదలుపెట్టండి. కోనసీమలో పుట్టి అన్నం మానేయడమే విడ్డూరం, అదీ ఇంత ప్రాక్టీసు చేస్తూ! పప్పు, గుడ్డు, చేప ఏదో ఒకటి పూటపూటా ఉండాలి. రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు, గ్లాసుడు పాలలో 250 నుంచి 300 వరకు ఉంటుంది. ముళ్ళతో సహా నమిలి తినే చిన్న చేపలు ఇంకా మంచివి. విటమిన్ డి పరీక్ష చేయించండి. తెల్లవారకముందే ప్రాక్టీసు ముగించి పగలంతా ఏసీలో కూర్చునేవారికి అది తక్కువ ఉండడం మామూలే. తక్కువని తేలితేనే, డాక్టరు చెప్పినన్ని వారాలే 60,000 యూనిట్ల మందు వాడండి. బాగుంది కదా అని నెలల తరబడి మింగితే రక్తంలో క్యాల్షియం పెరిగి కొత్త జబ్బు వస్తుంది.

ఈత కొనసాగించండి. రేవు మెట్ల మీద నుంచి దూకవద్దు, పాకుడు పట్టిన మెట్టు మీద కాలు జారితే మళ్ళీ మొదటికి వస్తుంది. లొల్ల లాకుల్లాంటి చోట్ల, తూముల దగ్గర నీటిలోకి దిగనే వద్దు. ఒంటరిగా ఈదవద్దు. ఇంకో మాట, కాలువ వాలున ఈదిన 1.5 కిలోమీటర్లు, పోటీలో ఈదాల్సిన 1.5 కిలోమీటర్లు ఒకటి కాకపోవచ్చు. మీరు మెరుగయ్యానన్న దానిలో ప్రవాహం వాటా కొంత ఉండవచ్చు. సైకిల్ మీద సీటు వదలకుండా తొక్కండి. మన డెల్టాలో ఎత్తు అంటే వంతెనలే కనుక, జొన్నాడ వైపో సిద్ధాంతం ఊరి వైపో వంతెన ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కాలనిపిస్తుంది. గేరు తగ్గించుకోండి, లేవకండి.

పరుగు ఎప్పుడంటే, గెంతినా నొక్కినా ఏమీ తెలియని స్థితికి వచ్చి, అరగంట చురుకైన నడక వారం పాటు నొప్పి లేకుండా సాగాక. అప్పుడు కూడా ఒక నిమిషం మెల్లని పరుగు, నాలుగు నిమిషాల నడక, రోజు విడిచి రోజు. కండరం, నరం పట్టేసినప్పుడు కాస్త నొప్పిని ఓర్చుకుని వ్యాయామం చేయమంటాం. ఎముకకు ఆ సూత్రం చెల్లదు. ఎముక మీద ఏ కొంచెం నొప్పి తెలిసినా ఆ రోజుకు ఆపేసి, మళ్ళీ నడకకు రావాలి. ఇలా మెల్లగా పెంచుకుంటూ పోతే ఏడు వారాల్లో 10 కిలోమీటర్లకు చేరడం కుదిరే పని కాదు.

వానలు పడి చేలల్లో నీరున్న ఈ రోజుల్లో కాలువలో దిగేవారికి లెప్టోస్పైరోసిస్ భయం ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి, కాలి మీద గీతలు, పుండ్ల గుండా సూక్ష్మజీవి లోపలికి వెళుతుంది. జ్వరం, కళ్ళు ఎర్రబడడం, పిక్కల్లో విపరీతమైన నొప్పి దీని లక్షణాలు. పిక్క నొప్పిని మీలాంటివారు ప్రాక్టీసు ఖాతాలో వేసేస్తారు. జ్వరంతో కలిసి వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి, కాలువలో ఈదుతున్నానని చెప్పండి. ఒంటి మీద పుండు ఉన్నన్ని రోజులు కాలువలోకి దిగవద్దు.

కట్టిన డబ్బు పోతుందని మీ బాధ. చాలా పోటీల్లో రిలే విభాగం ఉంటుంది. ఈత, సైకిల్ మీరు చేసి, పరుగుకు స్నేహితుడిని పెట్టుకోవచ్చు. ‘సైకిల్ దిగాక ఆగిపోతాను’ అనే ఆలోచన ఉంటే మానుకోండి. ఈలలు, చప్పట్ల మధ్య దిగినవాడు అక్కడ ఆగడం నేను పెద్దగా చూడలేదు. పేరు మార్పు, రిలే మార్పు ఆఖరి రోజుల్లో ఒప్పుకోరు కాబట్టి నిర్వాహకులకు ఈ వారంలోనే మెయిల్ పెట్టండి.