గ్రూపులోనే ఉంది సార్, ఎక్కడుందో తెలీదు

ప్రశ్న: పర్లాకిమిడిలో టెన్త్ పిల్లలకి ట్యూషన్ చెబుతాను. ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా మీడియం. రెండేళ్లుగా నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, వీడియోలు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెడుతున్నాను. తీరా పరీక్షలు వచ్చేసరికి "సార్, అది మళ్లీ పెట్టండి" అని రోజుకి పదిమంది అడుగుతున్నారు. నాకే దొరకడం లేదు, ఇంక వాళ్లకేం దొరుకుతుంది! ఏ యాప్ వాడమంటారు?
- ఒక మాస్టారు, పర్లాకిమిడి

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు ఆ ఫైళ్ల పేర్లు ఒకసారి చదవండి. స్కాన్ చేసిన తేదీ, పక్కన అంకెల దండ, లేదంటే "ఫైనల్", దాని కింద "ఫైనల్ 2". అంతేగా? నవ్వడం లేదు లెండి, నా దగ్గర "కొత్తది" అనే పేరుతో పదకొండు ఫైళ్లున్నాయి.

మీ ఊళ్లో ఇంకో చిక్కు కూడా ఉంది. కిరణజన్య సంయోగక్రియ నోట్సు కావాలంటే మీరు ఆ పేరుతో వెతుకుతారు, పిల్లాడి ఒడియా పుస్తకంలో అది ఆలోకశ్లేషణ, వాడు ఫోన్లో కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లో ఫొటోసింథసిస్, అదీ స్పెల్లింగు తప్పుతో. ఒకే పాఠానికి మూడు పేర్లు, మూడు లిపులు. ఫైలు పేరు చూసి వెతికే ఫోనుకి ఇవన్నీ ఒకటేనని ఎలా తెలుస్తుంది? అందుకని తరగతి, సబ్జెక్టు, పాఠం నంబరు రాసి, పక్కనే పాఠం పేరు మూడు భాషల్లోనూ రాసెయ్యండి. చాంతాడంత పేరవుతుంది, అవనివ్వండి.

డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన నోట్సులుంటే వాటికి ఇది మరీ అవసరం. కళ్లకి తెలుగే కనిపిస్తుంది గానీ లోపల కంప్యూటర్ దాచుకున్నవి వేరే అక్షరాలు, తెలుగులో ఏం వెతికినా తగలదు. ఇకమీదట యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ కూడా తెలుగు అక్షరాలుగానే దాచుకునే పద్ధతిలో కొట్టమని షాపతనికి గట్టిగా చెప్పండి.

ఇక చోటు. గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, చూడ్డానికి మాత్రమే వీలుండేలా లింకు ఇచ్చి, ఆ లింకుని గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టండి. మెసేజ్ పిన్ చేస్తే ఎక్కువలో ఎక్కువ 30 రోజులే ఉంటుంది, డిస్క్రిప్షన్ మీరు తీసేదాకా ఉంటుంది. ఇందులో నాకు నచ్చేది ఇంకోటుంది. మీరు ఒక జవాబులో తప్పు దిద్ది కొత్త పీడీఎఫ్ గ్రూపులో వేశారనుకోండి, పాతది అందరి ఫోన్లలో అలాగే ఉంటుంది, సగంమంది ఆ తప్పే చదువుకుని వెళ్తారు. డ్రైవ్‌లో ఐతే కంప్యూటర్లో మేనేజ్ వెర్షన్స్ నొక్కి కొత్తది ఎక్కిస్తే లింకు మారదు, తెరిచిన వాళ్లకి దిద్దిందే కనిపిస్తుంది. ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే మీ జీమెయిలూ ఫొటోలూ కూడా, కాబట్టి వీడియోలు ఎక్కించకుండా వాటి లింకులు ఒక పేజీలో రాసి పెట్టుకోండి. బోర్డు ఫొటోలు గ్రూపులో వెయ్యాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది, సూత్రాల్లో చిన్న అంకెలు అలుక్కుపోతాయి. మార్కుల జాబితాలు, పిల్లల ఫోన్ నంబర్లు మాత్రం ఆ ఫోల్డర్‌లో వద్దు.

ఇదంతా మీరొక్కరే నెత్తిన వేసుకోకండి. వారానికి ఇద్దరు పిల్లలకి పేర్లు పెట్టే పని అప్పగించండి. పేరు పెట్టాలంటే లోపలేముందో చదవాలి కదా!

ప్రశ్న: మా అమ్మాయి ప్లస్ టూ. ఫోన్ నిండా పీడీఎఫ్‌లు, సేవ్ చేసిన వీడియోలే. ఏదైనా అడిగితే "నా దగ్గర ఉందమ్మా" అంటుంది. చదువుతోందో లేదో తెలీక టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, గుణుపురం

జవాబు: ఉందని చెప్పడంలో అబద్ధమేమీ లేదమ్మా, ఫోన్లో ఉంది. తిట్టకండి. రాత్రి అన్నాలయ్యాక ఫోన్ పక్కన పెట్టించి, ఆరోజు చూసిన వీడియోలో ఏముందో మీకు తెలుగులో చెప్పమనండి. పుస్తకం ఏ భాషలో ఉన్నా సరే, మీకు అర్థమయ్యేలా చెప్పాలి. తడబడిన చోటు తనకే తెలిసిపోతుంది, మీరు సైన్సు చదివుండక్కర్లేదు. చెప్పగలిగినవి ఉంచుకుని, నెలరోజులుగా తెరవనివి తీసెయ్యమనండి. మళ్లీ కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటాయి, ఎక్కడికీ పారిపోవు.

ప్రశ్న: మా తాతగారి పాత తెలుగు పుస్తకాలు ఓ పెట్టెడున్నాయి. స్కాన్ చేసి అందరికీ ఇద్దామని ఉంది. కేసులవుతాయా?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, బరంపురం

జవాబు: రచయిత ఏ సంవత్సరంలో పోయారో చూడండి. మన చట్టంలో హక్కులు రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లుంటాయి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు 1940లో పోయారు, కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనల మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. అనువాదమైతే అనువాదకుడి లెక్క కూడా విడిగా చూడాలి. గడువు తీరినవి, పాత పుస్తకాల్ని ఉచితంగా చదువుకోనిచ్చే తెలుగు వికీసోర్స్ వెబ్‌సైట్‌కి ఇవ్వచ్చు, అక్కడ వాటిని వెతకడానికి వీలయ్యే అక్షరాల్లోకి మారుస్తారు. స్కాన్ చేసేటప్పుడు అచ్చయిన ఏడాది ఉన్న పేజీ వదిలెయ్యకండి, చాలామంది నేరుగా మొదటి అధ్యాయం నుంచి మొదలుపెడతారు.